వార్డెన్ గేటు తీయలేదు

మధ్యాహ్నం అన్నాల వేళకు కోసిగి దగ్గరి ఆడపిల్లల హాస్టల్ ముందు జీపు ఆగింది. ముగ్గురు మగవాళ్లు దిగారు. ముందున్నవాడు బసవరాజు, తొమ్మిదో తరగతి శివజ్యోతికి మేనమామ.

"మా అక్కకు శానా బాగలేదు మేడమ్. ఆసుపత్రిలో ఉండాది. పాపను పిల్చుకపోవల్ల" అన్నాడు.

శివజ్యోతి అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరపకోతకు పోయారు. వాళ్లు తిరిగొచ్చేదాకా పిల్ల బాధ్యత వార్డెన్ శివలీలదే.

"యా ఆసుపత్రప్పా?"

"పేరు యాదికి లేదు. పెద్దాసుపత్రి."

జీపు వెనక సీట్లో పూలబుట్ట, కొత్త పట్టుచీర కనిపించాయి. శివలీల గేటు తాళంచెవి కొంగున ముడేసుకుంది.

అంతలో శివజ్యోతి ఎంగిలిచేత్తోనే పరుగెత్తుకొచ్చింది. "గేటు తీయండి మేడమ్! మాయమ్మకు ఏమన్నా అయితే మీరు తెచ్చిస్తారా?" అని ఏడుస్తూ గేటు ఊపసాగింది.

శివలీల పిల్ల తల్లి గిడ్డమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఒకవేళ ఇతను చెప్పేది నిజమైతే? ఈ పిల్ల తల్లి ఆఖరి చూపుకు నోచుకోకపోతే? అయినా కొంగుముడి విప్పలేదు.

"మా పిల్లను ఆపేకి నువ్వెవరు?" బసవరాజు గేటు మీద గట్టిగా గుద్దాడు. పక్కవాడు గోడ ఎక్కబోయాడు.

"దిగప్పా! పోలీసులకు ఫోను చేస్తా."

అప్పుడు గిడ్డమ్మ ఫోనెత్తింది. శివలీల స్పీకరు పెట్టింది.

"ఒళ్లు ఎట్లుండాది గిడ్డమ్మా?"

"బాగనే ఉండా మేడమ్. ఏమాయ?"

శివజ్యోతి ఏడుపు ఆగిపోయింది.

"నీ తమ్ముడొచ్చినాడు, పాప కోసం."

"పంపీండి మేడమ్. ఎల్లుండి వానితోనే పెండ్లి. మేం రేపు బస్సెక్కుతాం. మేం దూరంలో ఉంటే ఆడపిల్లకు ఏమైతాదో అని భయం..."

శివలీల కొంగుముడి గట్టిగా పట్టుకుంది. తల్లే పంపమంటోంది. ఆపితే ఊరంతా తననే తిడుతుంది.

"నువ్వు చెప్పినా పంపను గిడ్డమ్మా. అది పసిది" అంది చివరికి.

శివజ్యోతి గేటు వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి వార్డెన్ పక్కన నిలబడింది. "నేను రాను మామా."

శివలీల పోలీసులకు ఫోను కలిపి హాస్టల్ పేరు చెప్పడం మొదలుపెట్టేసరికి జీపు కదిలింది. పోతూ పోతూ బసవరాజు నోటికొచ్చినట్టు తిట్టాడు.

సాయంత్రం గిడ్డమ్మ మళ్లీ ఫోను చేసింది. శివలీల ఫోను అందిస్తే శివజ్యోతి తల అడ్డంగా ఊపింది.

"అన్నం తినిందా మేడమ్?" తల్లి అడిగింది.

"ఇంకా లేదు. తినిపిస్తా" అంది శివలీల.