బొంగరం పడిన నెల

మంచు మీద స్కేటింగులో ఆమెకు నాలుగేళ్లుగా ఎదురు లేదు. ఆడేవాళ్లూ పత్రికలవాళ్లూ ఆమెను బొంగరం అనే పిలిచేవారు. గాలిలో మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగితే చప్పుడు కూడా అయ్యేది కాదు. అలాంటిది, జాతీయ పోటీలు నెలరోజుల్లో ఉన్నాయనగా పడింది. మర్నాడూ పడింది. వారం తిరిగేసరికి ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టడం కోచ్ మానేశాడు.

ఇక ఆమె కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లేది. కంచం ముందు కూర్చున్నా బల్ల కింద మడమలు ఆడుతూనే ఉండేవి.

"బూటు కింది బ్లేడు సరిగ్గా లేదు సార్. ఎడమవైపు జారుతోంది," అంది కోచ్‌తో.

"మొన్ననే సానపట్టించాం కదమ్మా!" అన్నాడాయన.

ఆ మాటే ఆమెను మరీ కుదురులేకుండా చేసింది. తండ్రి పోయాక ఆమెను పెంచింది బాబాయే. రింకు, అంటే స్కేటింగ్ చేసే మంచు మైదానం, దాని వెనక ఇరుకు గదిలో స్కేటింగ్ బూట్లకు బ్లేడ్లు బిగించడం, సానపట్టడం ఆయన పని. ఏడేళ్ల వయసు నుంచీ ఆమె బ్లేడ్లు ఆయన చేతిమీదుగానే వెళ్లేవి. రెండేళ్ల కిందట కోచ్ ఆమె బ్లేడ్ల కోసం పేరున్న మెకానిక్‌ని తెచ్చాడు. అప్పటికే వేరే ఇంట్లో ఉంటున్న ఆమె, ఆ సంగతి బాబాయికి ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక ఎవరిచేతో కబురు పంపింది. అప్పటినుంచీ ఆ గది వైపు తొంగిచూడలేదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక వెనక తలుపు తోసుకుని వెళ్లింది.

"దారి తప్పావా ఏమిటి?" అన్నాడు బాబాయి.

"ఈ బ్లేడ్లు ఒకసారి చూస్తావా?"

"పెద్ద పెద్ద మిషన్లు చూసినవాటిని నేనేం చూస్తానే!" అన్నాడు గానీ చేతులు అప్పటికే బూట్లు అందుకున్నాయి. బ్లేడు రెండంచుల మీదా చిన్న ఉక్కుబద్ద అడ్డంగా పెట్టి, ఎత్తు సమానంగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. గోటితో అంచు గీరాడు. ఆమె తలుపు నుంచి కిటికీకీ, కిటికీ నుంచి తలుపుకూ నడుస్తోంది.

"ఓచోట ఉండవే, వెలుతురుకు అడ్డొస్తున్నావు." కాసేపటికి బూట్లు బల్ల మీద పెట్టాడు. "బాగున్నాయి. వాడెవడో గానీ, నాకన్నా బాగా పట్టాడు."

"మరి జారుతోందే!"

"ఈ కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. ఎగరకముందే కిందికి చూస్తున్నావు. భయం పట్టుకుంది నీకు. ఆడలేక మద్దెల ఓడంటే, నేను సానపట్టడానికేముంది?"

"భయమా? నాకా?" బూట్లు లాక్కుని విసురుగా వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా వెళ్లి ఆగింది. తిరిగొచ్చి ముక్కాలిపీట మీద కూలబడింది.

"మొదటిసారి పడ్డప్పుడు చీలమండ టక్కుమంది బాబాయ్. ఏమీ కాలేదన్నాడు డాక్టరు. కానీ ఎగరబోయిన ప్రతిసారీ ఆ చప్పుడే వినిపిస్తోంది."

"వినిపించనీ. అది వినిపిస్తుండగానే ఎగురు. అది పోయాక ఎగురుదామని కూర్చుంటే ముసలిదానివైపోతావు."

బూట్ల లేసులు ముడేస్తూ అంది, "మెకానిక్‌ని తెచ్చినప్పుడు నేనే వచ్చి నీతో చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే," అన్నాడు బాబాయి. ఎవరివో పిల్లల బూట్లు ముందుకు లాక్కున్నాడు.

పోటీ రోజు ఆ చప్పుడు వినిపించింది. వినిపిస్తుండగానే ఎగిరింది. మూడు చుట్లూ తిరిగింది. దిగేటప్పుడు ఒళ్లు తూలి చెయ్యి మంచుకు ఆనింది గానీ పడలేదు. ఆ ఒక్క చేత్తోనే బంగారు పతకం చేజారింది. పదిహేడేళ్ల అమ్మాయి మొదటి స్థానం ఎగరేసుకుపోయింది, ఈమెకు రెండోది.

"ఎలా ఉంది మేడమ్?" అని అడిగారు పత్రికలవాళ్లు.

"ఏడుపొస్తోంది," అంది. నిజంగానే వచ్చింది.

"ఇప్పుడైనా నాలుగు రోజులు కాళ్లు చాపుకుని కూర్చోవే," అంది ఫోన్లో పిన్ని. తెల్లారేసరికి ఆమె రింకు గేటు ముందుంది.

"పాత మంచు తీసి కొత్తది పోస్తున్నారమ్మా. రెండు రోజులు సెలవు," అన్నాడు వాచ్‌మన్.

"రెండు రోజులా!"

గేటు ముందు అటూ ఇటూ నాలుగు అడుగులు వేసింది. వాచ్‌మన్ లోపలికి వెళ్లాక, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, బూట్ల సంచీ భుజానుండగానే, ఆ సిమెంటు నేల మీదే ఎగిరి దిగింది.