పట్టికలో లేని పేరు

జూరా ఉద్యోగం మానేసి అత్తవారి ఊరికి వెళ్ళిపోయినప్పటి నుంచీ నేను ఆమెకు ఫోన్ చేయలేదు. నాకూ పౌరుషముంది మరి. ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం, ఒకే కెటిల్లో టీ కాచుకుని తాగాం. అంతటి మనిషి గుమ్మంలో నిలబడి "వెళ్తున్నానండీ" అని ఒక్క ముక్క అని ఊరుకుంది. "సరే, వెళ్ళండి" అన్నాను. వెళ్ళొద్దంటే ఆగేదేమోనన్న సంగతి నాకు తోచనే లేదు. తోచేసరికి ఆమె బస్సు ఏ కొండ దాటిపోయిందో ఏమో.

ఆమె భర్త పోయి చాలా కాలమైంది. నా భార్య నన్ను వదిలిపోయి అంతకన్నా ఎక్కువ కాలమైంది. మామగారు మంచాన పడ్డాడు, చూసే దిక్కు లేదని కబురొస్తే జూరా వెళ్ళింది. అప్పట్నుంచి బిష్కెక్‌లో ఆ గదికి నేనొక్కణ్ణే. మిగతా కుర్రకారంతా ఇళ్ళ నుంచే పనిచేస్తారు. నేను ఇంటికెళ్ళినా అక్కడ ఉండేదీ నేనే. మాట్లాడే దిక్కులేక కెటిల్‌తో మాట్లాడడం అలవాటైంది. అదైనా ఓ కూత కూస్తుంది కదా.

మా కంపెనీ పని ఏమిటంటే, కొండల్లో చిన్న చిన్న ఆసుపత్రుల్లో తీసిన గుండె గీతల్ని, అదే ఈసీజీలని, నగరంలోని పెద్ద డాక్టర్ల తెర మీదికి చేర్చడం. ఆ గీత క్లౌడ్‌లోకి ఎక్కి దిగుతుంది. క్లౌడంటే మబ్బూ కాదు, మన్నూ కాదు, ఎక్కడో ఎవరి కొట్లోనో వరసగా పెట్టిన యంత్రాలు. ఏ ఊరి గీత ఏ గుమ్మం గుండా ఎటు పోవాలో చెప్పేవి దారుల పట్టికలు. అవి జూరా రాజ్యం. నేను పెట్టెలు బిగించి తీగలు తగిలించేవాణ్ణి. ఆమె పట్టికల జోలికి నేనేనాడూ పోలేదు.

ఆ మధ్యాహ్నం తెమిర్-బెల్ నుంచి ఒరోజ్ ఫోన్ చేశాడు. ఆ ఊళ్ళో డాక్టరు లేడు, కాంపౌండరు ఒరోజే అన్నీ. మా దగ్గర వయసులో పెద్దవాణ్ణి బైకే అంటారు, అంటే అన్న; పెద్దామెని ఎజె అంటారు, అంటే అక్క.

"మార్లెన్ బైకే, గీత పోవట్లేదన్నా! గొర్రెల కాపరి పెళ్ళాం, ఛాతీ పట్టేసిందని మెలికలు తిరిగిపోతోంది. పెద్ద డాక్టరేమో గీత చూడందే ఏమీ చెప్పనంటాడు. కనుమ నిండా మంచు. ఊరికే బండెక్కిస్తే దారిలో పోతుంది, ఎక్కించకపోతే నా చేతుల్లో పోతుంది. నన్నేం చెయ్యమంటావు?"

"ముందు అరవడం మానెయ్. పెట్టె వెనకున్న అంకె చదువు."

చదివాడు. ఆ అంకె అన్ని ఊళ్ళ పెట్టెల మీదా ఒకటే. అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నల్ల తెర తెరిచి, పేరులో తెమిర్ అని ఉన్న పట్టిక చూపించమని కమాండ్ కొట్టాను. ఖాళీ. ఇంకోలా రాసి కొట్టాను. మళ్ళీ ఖాళీ. ఒళ్ళు మండిపోయి మా కుర్ర మేనేజరు తిలెక్‌కి ఫోన్ చేశాను.

"నిన్న ఏమన్నా కెలికావా నాయనా?"

"పాత గుమ్మాలు తీసేసి కొత్తవి పెట్టాను బైకే. ఊరూరి పేరుతో వెతికి పట్టికలన్నీ మార్చేశాను కూడా."

"తెమిర్-బెల్?"

"ఆ పేరుతో ఏమీ రాలేదు. ఆ ఆసుపత్రి మూసేశారనుకున్నా."

"ఏం, నీకు కలొచ్చిందా?"

"జూరా ఎజెని అడగండి బైకే. మీరూ మీరూ బాగానే ఉంటారుగా."

"నువ్వు నీ టీ తాగు" అని పెట్టేశాను.

ఈసారి పేరు అడక్కుండా మొత్తం పట్టికలన్నీ కక్కమన్నాను. తెర కిందకి జారుతూనే ఉంది. ఊరి పేర్లు, మా ఆఫీసువాళ్ళు ప్రయోగాలు చేసుకునే పరీక్ష యంత్రాల పేర్లు, అర్థంపర్థంలేని పేర్లు. పక్కన 'బ్లాక్‌హోల్' అని పడినవి, అంటే దారి ఉండి గుమ్మం పోయినవి, ఒకటా రెండా, గుట్టగా ఉన్నాయి. ఏళ్ళనాటి చెత్త ఎవరూ ఊడ్వలేదు. తెలియకుండా ఏదో ఒకదాన్ని బతికిస్తే ఈ ఊరి గుండె ఆ ఊరి మనిషి పేరున పోతుంది. ఒరోజ్ మళ్ళీ మోగిస్తున్నాడు. ఇక పౌరుషం పొయ్యిలో పెట్టి జూరాకి ఫోన్ చేశాను.

మొదటి గంటకే ఎత్తింది.

"మీరేనా?" గొంతు బాగా తగ్గించి అంది.

"నేనే. తెమిర్-బెల్ పట్టిక ఏ పేరుతో పెట్టారు? అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది."

"గట్టి కనుమ అని ఉంటుంది చూడండి."

"గట్టి కనుమేమిటి జూరా? ఊరి పేరేమిటి, మీరు పెట్టిందేమిటి?"

"అరవకండి, పక్క గదిలో నిద్రపోతున్నారు. మా మామగారి పేరు తెలుసుగా మీకు?"

తెలుసు. తెమిర్‌బెక్. తెమిరంటే ఇనుము, బెల్ అంటే కనుమ. మా వాళ్ళలో కోడలు మామ పేరు ఎత్తదు. ఆయన పేరులో ఇనుముంటే ఇనుమునీ ఆ పేరుతో పిలవదు, 'గట్టిది' అని తప్పించుకుంటుంది. బావగారి పేరూ అంతే, మొగుడి పేరూ అంతే. నగరంలో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారు? మా అమ్మతోనే పోయాయనుకున్నాను.

"కంప్యూటర్లో కూడానా తల్లీ!"

"నోటితో అనని పేరు వేలితో మాత్రం ఎలా కొడతాను?" అంది. చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. "సరే" అని పెట్టేశాను.

గట్టి కనుమ దొరికింది. పోయిన గుమ్మం తీసేసి కొత్త గుమ్మం పెట్టాను. ఒరోజ్ గీత పంపాడు, డాక్టరు చూశాడు, ఒక్క క్షణం ఆగొద్దు, కదలండి అన్నాడు. ముందు మంచు తోసే ట్రాక్టరు, వెనక అంబులెన్సు. ఇక నేను చేసేదేమీ లేదు. కబురు కోసం కూర్చున్నాను.

ఊరికే కూర్చోలేక ఆ పట్టికలే పైకీ కిందికీ జరిపాను. మా వాళ్ళ పరీక్ష యంత్రాలు కనబడ్డాయి. తిలెక్, ఐజాదా, బకిత్, ఎవరి పేరున వాళ్ళది. పెట్టింది జూరాయే. నాది మాత్రం లేదు. ఆ వరసలోనే 'ఎదుటాయన' అని ఒకటుంది. ఇదెవరి శ్రాద్ధమో అనుకుంటూ లోపలి అంకె చూశాను. నా యంత్రమే.

అవును, ఆమె నన్నెప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. "ఇదిగో, మిమ్మల్నే", "వింటున్నారా", అంతే. మిగతా అందరినీ నోరారా పేర్లతోనే పిలిచేది. నేనంటే చిన్నచూపనుకున్నాను, బండవెధవని. గుమ్మంలో నిలబడింది సెలవు తీసుకోడానికి కాదు. నేను ఆపుతానని నిలబడింది.

పొద్దు వాలుతుండగా ఒరోజ్ ఫోన్. "చేరాం బైకే. బతికింది. డాక్టర్లు లోపలికి తీసుకెళ్ళారు." వాడు ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, ఎందుకని ఎవరైనా అడిగితే వాడి మీద పెట్టేవాణ్ణి. అడిగేందుకు గదిలో ఎవరూ లేరు.

కబురు చెప్పాలన్న వంకతో జూరాకి మళ్ళీ చేశాను.

"బతికింది."

"అమ్మయ్య. ఇందాకట్నుంచీ దణ్ణాలు పెట్టుకుంటున్నాను."

"జూరా, నా పేరోసారి చెప్పండి."

ఆమె మాట్లాడలేదు. ఎంతసేపు మాట్లాడకపోతే అంత సంతోషంగా ఉంది నాకు. ఇన్నేళ్ళలో అంత సంతోషం ఎరగను.

"పట్టిక చూశారా?" అంది చివరికి.

"చూశాను."

"వచ్చేముందు మార్చేద్దామనుకున్నాను."

"మార్చకండి. వచ్చెయ్యండి. లేదా నన్నే రమ్మనండి."

"వెళ్ళేనాడు ఆ మాట అనుంటే సరిపోయేదిగా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

లోపల్నుంచి ముసలాయన "కోడలా!" అని కేకేశాడు. "వస్తున్నా మామయ్యా" అంది. తర్వాత ఫోన్లో, ఈసారి గొంతు తగ్గించకుండా, అందరికీ వినబడేటట్టు అంది.

"ఉంటాను, మార్లెన్ బైకే."

ఎక్కడా తడుముకోలేదు. ఒరోజ్ పిలిచినట్టు, తిలెక్ పిలిచినట్టు, పేరుపెట్టి అన్నా అని పిలిచింది. ఆమె నోట నా పేరు వినడం అదే మొదలు.