ఒకే వెదురులోంచి జంట

"ఊదింది చాల్లే, ఇటియ్యి," అన్నాడు అడౌటో. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళ నుంచీ మా ఆయన అనే మాటే అది. పొయ్యిలో ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో వెదురుకు రంధ్రాలు పెట్టేది నేను. పొగ మింగేది నేను. స్వరం సరిగ్గా పలికిందో లేదో ఊది చూసేదీ నేనే. కానీ నా ఊదడం రెండు స్వరాలు దాటి పాటలోకి జారబోతే చాలు, అతని చెయ్యి ముందుకొచ్చేస్తుంది. వాళ్ళ తాతల నాటి బృందం మరి. మగవాళ్ళు ఊదుతారు, ఆడవాళ్ళు చేసిపెడతారు. మా అత్తగారు కితేరియా కూడా నలభై ఏళ్ళు అలాగే చేసిపెట్టి ఆ చువ్వ నా చేతికిచ్చింది. కరువారు ఊరంతా మాత్రం వాటిని అడౌటో పిల్లనగ్రోవులనే అంటుంది.

ఈసారి సావో జొవావ్ పండగకి మైదానంలో మా బృందం కచేరీ. సరిగ్గా రెండు రోజుల ముందు మా మరిది జితోకి పన్ను పీకించాల్సొచ్చింది. దవడ బూరెలా పొంగింది. పాట నడిపించే మొదటి పిల్లనగ్రోవి మా ఆయనది, దాని వెనకే వెళ్ళే రెండోది జితోది. ఒకే వెదురులోంచి జంటగా కోస్తాం వాటిని. ఒకటి లేకపోతే మిగిలింది ఒట్టి ఈలే. ఆ సంగతి తెలిసీ మా ఆయన ఒక్కడినే ఊదుతానని మొండికేశాడు. మొక్కజొన్న కుస్కుస్ వడ్డిస్తున్న నా నోటి నుంచి మాట జారిపోయింది.

"నేనూదుతాను."

అడౌటో నవ్వాడు. పొయ్యి ముందు ఊదడం వేరు, జనం ముందు ఆడుతూ ఊదడం వేరన్నాడు. అయినా నీకు పాటలెప్పుడొచ్చాయన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గోడకి అటు అతను సాధన చేస్తుంటే, ఇటు గిన్నెలు తోముతూ, అతని బట్టలు పిండుతూ నేర్చుకున్న పాటలవి. నేర్పినవాడికే తెలియదు, నేర్పానని.

అత్తగారు పళ్ళెంలోంచి తలెత్తలేదు. "జితో కంటే నీ పెళ్ళాం మరినాల్వాయే బాగా ఊదుతుందిరా. నాకింకా చెవుడు రాలేదు," అంది.

ఆదివారం సాయంత్రం వేదిక ఎక్కాం. డోళ్ళు మొదలయ్యాయి. ఊదుతూనే మోకాళ్ళు వంచి, ఒకరి చుట్టూ ఒకరు తిరగాలి మా ఆటలో. పాట నడిపేవాడు ఎటు తిరిగితే రెండోవాడు అటు. జితో వేళ్ళ కొలతకు పెట్టిన రంధ్రాలు నా వేళ్ళకి అందీ అందకుండా ఉన్నాయి. లాగి పట్టుకున్నాను. మూడో పాటలో అడౌటో ఊపిరి చాలక వరుస తప్పాడు. డోళ్ళవాళ్ళు నా వైపు చూశారు. నేను ఆగలేదు. అతని వరుస అందుకుని ముందుకు కదిలాను. అతను ఒక్క అడుగు తటపటాయించి, నా వెనక తిరిగాడు. కింద జనం జంటలు కట్టి ఆడుతూనే ఉన్నారు, వాళ్ళకేమీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నవ్వితే స్వరం చెడుతుందని నవ్వు బిగబట్టాను.

మెట్లు దిగుతూ అతను చెమట తుడుచుకున్నాడు. "పర్లేదు, బాగానే ఊదావు. జితోకి తగ్గేదాకా నువ్వే ఊదు," అన్నాడు, పెద్ద వరమిచ్చినట్టు.

"జితోది జితోకే ఇచ్చేస్తాను, అది నా వేళ్ళకి పెద్దది. రేపు కొత్త వెదురు కోస్తున్నాను. అందులో మొదటిది నాకు. రెండోది, కావాలంటే, నీకు చేస్తాను," అన్నాను.