మొహం మీది ఎరుపు

జనవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున అద్దంలో చూసుకునేసరికి నా గుండె జారిపోయింది. రెండు బుగ్గలూ, ముక్కూ, గడ్డమూ ఎవరో ఎడాపెడా వాయించినట్టు ఎర్రగా ఉన్నాయి. ముక్కుకి అటూ ఇటూ సన్నటి నరాలు తేలాయి, వాటి మీద చిన్న చిన్న పొక్కులు. తొమ్మిదేళ్ల కిందట కూడా ఈ అద్దంలో ఇదే మొహం ఉండేది. అప్పుడు దానికి కారణం వోడ్కా. ఇప్పుడు కారణం వేరే. కానీ ఆ సంగతి నాకూ చర్మం డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

నా పేరు లోర్నా పెరాలా. యాభై ఎనిమిదేళ్లు. మిన్నెసోటా ఉత్తరాన, ఇనుప గనుల ఊళ్లో స్కూలు బస్సు నడుపుతాను. నాకున్నది ఒక్కతే కూతురు, జానెల్. దానికి ఒక్కతే కూతురు, ఆరేళ్ల టిల్డా. మధ్యాహ్నం ట్రిప్పులో ఆఖరి స్టాపు మా ఇల్లే. టిల్డా నాతోపాటే దిగుతుంది, ఆరింటికి జానెల్ వచ్చి తీసుకెళ్లేదాకా నా దగ్గరే ఉంటుంది. ఆ రెండున్నర గంటల కోసమే నేను మిగతా రోజంతా గడుపుతాను అంటే అతిశయోక్తి కాదు. అవి నాకు ఊరికే దక్కలేదు. ఒక్క గుక్క తాగినట్టు తెలిసినా మళ్లీ పిల్ల మొహం చూడనివ్వనని జానెల్ మొదటి రోజే చెప్పింది. దాన్ని నేను తప్పుపట్టను.

అక్టోబరులో డాక్టరు నా జబ్బుకి రోజేసియా అని పేరు చెప్పాడు. అది పూర్తిగా పోయేది కాదనీ, రోజూ శ్రద్ధగా చూసుకుంటే అణిగి ఉంటుందనీ అన్నాడు. ఆయన చెప్పిన జాగ్రత్తలు చంటిపిల్లకి నీళ్లు పోసే పద్ధతిలా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని క్లెన్సర్, అదీ వేలికొసలతోనే. రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. తడి పూర్తిగా ఆరకముందే క్రీము. గడప దాటే ముందు, మబ్బు పట్టినా సరే, ఎండ ఆపే తెల్లటి జింకు క్రీము. పడుకునే ముందు బఠాణీ గింజంత జెల్లు. వేడి కాఫీ వద్దు, ఆవిరి వద్దు, మొహానికి చలిగాలి కొట్టనివ్వొద్దు. రెండు మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు.

నేను తు.చ. తప్పకుండా చేశాను. క్రిస్మస్ నాటికి మొహం నిజంగానే తేటపడింది. కానీ డాక్టరుకి మా ఊరు తెలియదు. ఆయన వద్దన్నవన్నీ మానేసేసరికి నేను అచ్చం తాగుబోతులా కనిపించసాగాను. శనివారం మా అక్క ఇంట్లో సౌనాకి, అంటే ఆవిరి గదిలో కూర్చోడానికి, వెళ్లడం మానేశాను. ఫిన్లండ్ నుంచి వచ్చిన మావాళ్లలో సౌనా వద్దన్నవాళ్లని ఏదో దాస్తున్నారనే చూస్తారు. బస్సుల షెడ్డులో అందరూ పొగలు కక్కే కాఫీ ఊదుకుంటూ తాగుతుంటే నా కప్పు చల్లారేదాకా పక్కన పెట్టేదాన్ని. అందులో ఏం కలిపావని ఒకడు నవ్వుతూ అడిగాడు. నాకు నవ్వు రాలేదు. చలిగాలికి కళ్ల దాకా మఫ్లరు చుట్టుకునేదాన్ని, స్టాపుల్లో తల్లులతో మాట్లాడేటప్పుడు కూడా తీసేదాన్ని కాదు.

జానెల్‌కి జబ్బు సంగతి చెప్పేస్తే పోయేది కదా అని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది నా ఖర్మ. తాగే రోజుల్లో ఎవరైనా నా మొహం వంక చూస్తే నేను చెప్పిన అబద్ధం అదే. చర్మం జబ్బు, డాక్టరు చూస్తున్నాడు, ఏదో క్రీము ఇచ్చాడు. జానెల్ స్కూలు టీచర్లకి చెప్పాను, వాళ్ల నాన్నకి చెప్పాను, జానెల్‌కీ చెప్పాను. ఇప్పుడు అదే నిజమై కూర్చుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

జనవరిలో చలి మైనస్ ముప్పై దాటింది. ప్రతి స్టాపులోనూ బస్సు తలుపు తెరిచినప్పుడల్లా గాలి కత్తితో కోసినట్టు తగిలేది. ఆ సోమవారం నాటికి మొహం అలా తయారైంది. సాయంత్రం జానెల్ గుమ్మంలో నిలబడి నా వంక కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత టిల్డా కోటు జిప్పు పెట్టి తీసుకెళ్లిపోయింది. మర్నాడు ఫోన్ చేసి, మంగళవారాలు టిల్డాని డాన్సు క్లాసులో వేశానంది. తర్వాతి వారం గురువారాలు ఈత అంది. నాకు విషయం అర్థమైంది. అది నా నుంచి పిల్లని ఒక్కో రోజే లాక్కుంటోంది.

భయం పట్టుకుంటే మనిషికి బుర్ర పనిచేయదు. డాక్టరు నెలల ఓపిక అన్నాడు, నాకేమో రేపటికల్లా మొహం తెల్లబడాలి. మా అమ్మ పూర్వం మొహానికి రాసుకునే విచ్ హేజెల్ అరకు గుర్తొచ్చింది. చెట్టు బెరడు రసంలో స్పిరిట్, అంటే ఆల్కహాలే, కలిపి సీసాలో పోసి అమ్ముతారు. దూదితో అద్దితే చల్లగా మండి, గంటసేపు ఎరుపు తగ్గుతుంది. ఆ గంట తర్వాత రెండింతలై తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ అద్దాలి. గోరువెచ్చని నీళ్లు పోయాయి, క్రీము పోయింది, గరుకు గుడ్డతో రుద్దడం మొదలెట్టాను. ఆ సీసాని ఎవరికీ కనబడకుండా మేజోడులో చుట్టి బస్సు సీటు కింద పెట్టాను. పిల్లలు దిగాక, కిటికీల వైపు చూసుకుంటూ, వంగి గబగబా పూసుకునేదాన్ని. వోడ్కా సీసా కూడా నేను మేజోడులోనే దాచేదాన్ని. ఆ సంగతి ఒక రోజు నాకే తట్టింది. అయినా మానలేదు.

ఫిబ్రవరి మొదటి బుధవారం పొద్దున్న ట్రిప్పు అయ్యాక గార్డన్ పిలిపించాడు. అతను మా షెడ్డు సూపర్‌వైజరు, మంచివాడు, నా కంటే పదేళ్లు చిన్న. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతను లేచాడంటే ఏదో కీడే అనుకున్నాను.

"లోర్నా, మీ మీద ఫిర్యాదు వచ్చింది. మీ దగ్గర వాసన వస్తోందన్నారు. నేనూ మీ మొహం చూస్తూనే ఉన్నాను. రూలు ప్రకారం తాగారో లేదో తేల్చే పరీక్షకి తీసుకెళ్లాలి. ఏమీ అనుకోకండి."

ఎవరు చేశారని అడిగితే చెప్పకూడదన్నాడు. కారెక్కి బెల్టు పెట్టుకున్నాను. తాగలేదని చెప్పడం కూడా తాగినవాళ్లు చెప్పేదే కదా. క్లినిక్ చేరాక బాత్రూమ్‌కి వెళ్లాను. అక్కడి అద్దంలో నా మొహం ఇటుక ముక్కలా ఉంది. ఈ మొహంతో లోపలికి వెళ్తే యంత్రం అక్కర్లేకుండానే తేల్చేస్తారనిపించింది. పొద్దున్న బస్సు దిగేటప్పుడు సీటు కింది సీసాని బ్యాగులో వేసుకున్నాను. దూది నిండా తడిపి బుగ్గలకీ, ముక్కుకీ, పెదాల చుట్టూ అద్దేసుకున్నాను. అంత బుద్ధిహీనమైన పని నా తాగుడు రోజుల్లో కూడా చేసి ఉండను.

పరీక్ష చేసే అమ్మాయి గొట్టం నోటికి ఇచ్చి ఊదమంది. ఊదాను. యంత్రం మీద అంకె చూసినా ఆమె ముఖకవళికలు మారలేదు, కాగితం మీద ఏదో రాసుకుంది. నేను మెడ సాచి చూశాను. సున్నా లేదు. పదిహేను నిమిషాలు ఆగి ఇంకోసారి ఊదాలనీ, అదే అసలు లెక్క అనీ చెప్పింది. ఈలోపు ఏమీ తినొద్దు, తాగొద్దు, దేన్నీ ముట్టుకోవద్దు. బ్యాగు తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

ఆ పదిహేను నిమిషాల్లో నా పైప్రాణాలు పైనే పోయాయి. తాగలేదని నాకు తెలుసు. కానీ యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది? నిన్న రాత్రి నుంచి ఒక్కొక్క గంటా వెనక్కి తవ్వుకుంటూ పోయాను. సూపు తిన్నాను. జెల్లు రాసుకున్నాను. పడుకున్నాను. నిద్రలో లేచి ఉంటానా? ఒకప్పుడు అలా లేచి తాగి, పొద్దున్నకి గుర్తులేని రోజులున్నాయి. ఇంట్లో వోడ్కా లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. లేదన్న మాట నా చెవులకే నమ్మకంగా వినిపించలేదు.

అప్పుడు తలుపు తోసుకుని జానెల్ వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, ఇంకా ఆ నీలం బట్టల్లోనే ఉంది. గార్డనే పిలిచి ఉంటాడనుకున్నాను. నా పక్క కుర్చీలో కాక ఎదురు కుర్చీలో కూర్చుంది.

"గార్డన్‌కి ఫిర్యాదు చేసింది నేనేనమ్మా," అంది. "బస్సులో నలభై మంది పిల్లలుంటారు. ఊరుకోలేకపోయాను."

 ఇక చెప్పక తప్పదు. చెప్పేశాను.

"చర్మం జబ్బే. డాక్టరు చూస్తున్నాడు."

జానెల్ తల అడ్డంగా ఊపింది.

"ఈ మాట నేను మొదటిసారి విన్నప్పుడు నాకు ఏడేళ్లు," అంది. "అప్పుడు నమ్మాను కూడా. క్లాసులో అందరికీ చెప్పాను, మా అమ్మకి జబ్బు, ప్రార్థన చేయండని."

 గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. జానెల్ కూడా అటే చూస్తోంది. ఆ గదిలో ఎవరు ఎక్కువ భయపడుతున్నారో చెప్పడం కష్టం.

రెండోసారి ఊదాను. సున్నా. యంత్రం మీద మూడు సున్నాలు వరసగా. మొదటిసారి ఎందుకలా వచ్చిందని ఆ అమ్మాయి అడిగితే బ్యాగులోంచి సీసా తీసి చూపించాను. ఆమె దాని మీద రాసింది చదివి, పెదాల దగ్గర ఇది పూసుకుని వచ్చారా అని తల పట్టుకుంది. జానెల్ సీసా అందుకుని మూత తీసి వాసన చూసింది. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, మూత మళ్లీ బిగించింది, చాలా గట్టిగా.

మధ్యాహ్నం ట్రిప్పు గార్డన్ ఇంకొకరికి ఇచ్చి నన్ను ఇంటికి పొమ్మన్నాడు. జానెల్ నాతో వచ్చింది. నేను డాక్టరు కాగితాలూ, క్రీములూ వంటింటి బల్ల మీద పరిచాను. అది ఒక్కొక్కటీ చదివింది. నేను సింకు దగ్గర గోరువెచ్చని నీళ్లతో మొహం కడుక్కుని, అద్దుకుని, క్రీము రాసుకున్నాను. వెనకాల నుంచి చూస్తూ నిలబడింది. చెప్పాల్సిందమ్మా అంది. నువ్వు నమ్మేదానివా అన్నాను. తెలియదంది. అది నిజమే చెప్పింది.

మూడున్నరకి బస్సు ఆగింది. టిల్డా మంచు బూట్లతో లోపలికి పరిగెత్తుకొచ్చి, వాళ్లమ్మని చూసి ఆశ్చర్యపోయి, తర్వాత రోజూలాగే నా ఒళ్లోకి ఎక్కింది. నా మెడ దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. మళ్లీ బుగ్గ దగ్గర పీల్చింది.

"అమ్మా, ఇవాళ ఏమీ రావట్లేదు," అంది వాళ్లమ్మతో. "మొన్నటి ఆ వాసన లేదు."

జానెల్ మొహం పాలిపోయింది. టిల్డా అని అరవబోయి ఆగిపోయింది.

"నువ్వే కదా రోజూ అడుగుతావు," అంది పిల్ల.

నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఆరేళ్ల పిల్ల చేత ఈ పనా? ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. జానెల్ వంక చూశాను. అది నా వంక చూడలేక బల్ల మీద కాగితాలు సర్దుతోంది. ఏడేళ్లప్పుడు దానికి ఈ పని ఎవరూ చెప్పలేదు. తెల్లారి లేచి నా గ్లాసులు ఒక్కొక్కటే వాసన చూసి కడిగి పెట్టేది. అదంతట అదే నేర్చుకుంది.

నేను టిల్డాని ఒళ్లో సరిగ్గా కూర్చోబెట్టుకున్నాను.

"మెడ దగ్గర కాదు బంగారం. ఇక్కడ చూడు. ఎల్లుండి కూడా చూడు, వచ్చే వారం కూడా. ఏది వస్తే అది అమ్మకి చెప్పు," అని దాని ముందు నోరు తెరిచాను.

పిల్ల దగ్గరికి వంగింది. తొమ్మిదేళ్లుగా చుక్క ముట్టనిదాన్ని, అయినా భయంతో నా గుండె దడదడలాడింది.