కర్చీఫు పడని సీటు

ఆళ్లగడ్డ బస్టాండులోకి నంద్యాల బస్సు వచ్చీ రాకముందే కింద నుంచి కిటికీల్లోకి కర్చీఫులు పడతాయి. కర్చీఫు పడిన సీటు జోలికి ఎవరూ పోరు. రెండువేల ఒకటిలో నంద్యాల కాలేజీలో ఇంటర్ చేరిన నాటి నుంచీ కావ్యకు సీటు పట్టే పని ఆమె స్నేహితురాలు పద్మది. ఆ సోమవారం పద్మ ఒక్క కర్చీఫే వేసి, ఒక్కతే ఎక్కి కూర్చుంది.

జరిగిందేమిటంటే, క్లాసు క్లాసంతా కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు పోయిన సంగతి లెక్చరర్‌కు తెలిసిపోయింది. అందరి ఇళ్లకూ కబురు వెళ్లింది. పోనిది కావ్య, ఆమె కవల తమ్ముడు శివప్రసాద్ మాత్రమే. బట్టలకొట్టు విశ్వేశ్వరయ్య పిల్లలకు సినిమా అంటే నాయన బెల్టు గుర్తొస్తుంది మరి. ఇంకేముంది, చాడీ చెప్పింది వీళ్లేనని తేల్చేశారు.

మగపిల్లల పంచాయితీ బస్టాండు వెనకాల జరిగింది. శివ పెదవి చిట్లింది, చొక్కా చిరిగింది. వాడూ ఒకడి ముక్కు పగలగొట్టే వచ్చాడు. ఇల్లంతా గోల. తల్లి అహల్య పసుపు పెడుతూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది.

"నువ్వన్నా నయం తల్లీ, ఏ గొడవా ల్యాకుండా పోయొస్తాండావ్" అంది కూతురితో.

నయమే! ఆడపిల్లలు కావ్యను పల్లెత్తు మాట అనలేదు. ఆమె దగ్గరికొస్తే మాటలు ఆపేస్తారు, అంతే. చిట్లిన పెదవికైతే పసుపు పెడతారు, దీనికేం పెడతారు? మొదట్లో కావ్య బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చింది. తర్వాత ఏడుపూ రాలేదు. అన్నానికి రుచి పోయింది. రాడ్ పట్టుకుని నిలబడితే, శిరివెళ్ల ఎప్పుడు దాటిందో తెలియకుండానే నంద్యాల వచ్చేది.

వారం తిరక్కముందే శివ, తనను కొట్టినవాళ్లతోనే మిరపకాయ బజ్జీలు తింటూ కనిపించాడు. కావ్య వాణ్ని పక్కకు పిలిచింది.

"వాళ్లతో ఎట్ల తింటాండావ్ రా?"

"కొట్టుకున్న్యాం, అయిపాయ. చెప్పింది నేనేనని ఒప్పుకున్న్యా గదా."

"నువ్వా?"

"సార్ గట్టిగా అడిగితే నోరు జారినా."

"మరి పద్మకు చెప్పల్యా?"

"వాళ్లు నన్నడగల్యా. నిన్నేమన్నా అంటాండారని నువ్వూ చెప్పల్యా" అన్నాడు వాడు. బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. పాపం, వాడికి నిజంగానే తెలియదు.

మర్నాడే పోయి పద్మకు చెప్పేశాడు. ఆ తర్వాతి రోజు బస్సు రాగానే కిటికీలోకి రెండు కర్చీఫులు పడ్డాయి.

"రా మే కావ్యా, నీదే సీటు" అంది పద్మ. కళ్లనిండా నీళ్లు.

ఇన్నాళ్లూ కావ్య కోరుకున్నది ఈ ఒక్క మాటే. కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. సంతోషమూ రాలేదు. "పర్వాల్యాదులే" అని అలవాటైన రాడ్ పట్టుకుంది. పద్మ పక్కన సీటు ఖాళీగానే ఉండగా కదిలింది బస్సు.

శిరివెళ్లలో ఒక ముసలామె ఎక్కింది. కర్చీఫు చూసి ఆగిపోయింది.

"ఈ సీటు ఎవురిదమ్మా?"

పద్మ కావ్య వైపు చూసింది.

"ఎవురిదీ కాదవ్వా, కూచో" అంది కావ్య.