పిడికిళ్లతో కట్టిన ఇంజిన్

ఎం-ఫోర్ రహదారి మీద పెన్రిత్ వైపు వెళ్తుండగా సెమిసి ఫాల్కన్ కారు ఇంజిన్ పేలిపోయింది. ముందు కాళ్ల కింద ఒక్క గుద్దు. ఆ వెంటనే ఇనప డ్రమ్ములో ఎవరినో పడేసి మూత బిగిస్తే వాడు లోపల్నుంచి సుత్తితో బాదుతున్నట్టు చప్పుళ్లు. తెగిన కనెక్టింగ్ రాడ్డు ఇంజిన్ గోడను చీల్చుకుని బయటికొచ్చింది. మరిగిన ఆయిలు ఎర్రగా కాలిన గొట్టాల మీద చిమ్మి, బానెట్ సందుల్లోంచి మంట లేచింది. సెమిసి కారును పక్కకు లాగి, చొక్కా విప్పి, ఆ చొక్కాతోనే మంటను బాదాడు. మంట ఆరేసరికి ఎడమ చెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది.

తప్పు కారుది కాదు. టర్బో గాలి ఒత్తిడిని తనే రెట్టింపు చేశాడు, ఎవడో వీడియోలో చెప్పిన మాట నమ్మి.

అతనికి ముప్ఫై ఒకటో ఏడు. టోంగా దీవుల మనిషి, పుట్టి పెరిగింది మాత్రం సిడ్నీ పడమర, మౌంట్ డ్రూయిట్‌లో. చెక్క పలకల యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆదివారం తల్లి లూపె టోంగా ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని ముందు సీట్లో కూర్చుంటే చర్చికి దింపుతాడు. బుధవారం సాయంత్రం అదే కారుతో ఈస్టర్న్ క్రీక్ ట్రాకు మీద కార్ల పందేనికి దిగుతాడు. పెళ్లి లేదు, తాగుడు లేదు. ఉన్నదల్లా ఆ ఫాల్కన్.

కాలిన కారును సెయింట్ మేరీస్‌లో డోరిస్ బజాదా షెడ్డుకు లాగించాడు. డోరిస్ మాల్టా మనిషి, యాభై దాటింది, జుట్టు మగవాడిలా కత్తిరించుకుంటుంది. ఇంజిన్ గోడకు పడిన బెజ్జంలోకి పిడికిలి దూర్చి చూసింది.

"నా చెయ్యి పట్టింది. నీ తల పడుతుందేమో చూద్దామా?"

"కొత్తది కట్టాలి ఆంటీ. గట్టిది."

"ఎంత పవర్ కావాలి?"

"ఎంతొస్తే అంత."

"ఎంతొస్తే అంత అన్నవాళ్లే ఇంజిన్ని బకెట్లో పోసుకుని తెస్తారు నా దగ్గరికి. ఈ కారుతో ఏం చేస్తావో అది చెప్పు."

"అమ్మని చర్చికి తీసుకెళ్తా. బుధవారం పందేనికెళ్తా."

"అయితే మీ అమ్మ కూర్చునే కారన్నమాట. ముందు బ్రేకులు. తర్వాత ఆయిలు. ఆ తర్వాత గేర్‌బాక్సు. పవర్ అన్నిటికంటే చివర."

బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. బ్రేకులు, గేర్‌బాక్సు, పాత కార్ల యార్డు నుంచి మంచి ఇంజిన్ బ్లాకు, దాని సిలిండర్లు తొలిచే బోరింగు పని, దెబ్బకు తట్టుకునే రాడ్లు, పిస్టన్లు, ఆయిల్ పంపులో గట్టి పళ్లచక్రాలు, పెద్ద టర్బో, పెట్రోలు పంపులు, చివర్లో కంప్యూటరు సర్దుబాటు, రోడ్డు మీద తిరగనిచ్చే సర్టిఫికెట్. మొత్తం పద్దెనిమిది వేల డాలర్ల దగ్గర ఆగింది. అందులో ఐదో వంతు దేనికో సెమిసికి అర్థం కాలేదు.

"అది నువ్వింకా విరగ్గొట్టబోయే వాటికి," అంది డోరిస్.

"నా దగ్గర తొమ్మిది వేలున్నాయి. సగం ఇంజిన్ కట్టండి, మిగతాది చూద్దాం."

"సగం కాన్పు చెయ్యమన్నట్టుంది. చిన్న పవర్‌తో సరిపెట్టుకో, లేదా రెండేళ్లు ఆగు."

సెమిసికి రెండూ చేతకాలేదు. మేనమామ కొడుకు ఫిఫిటా దగ్గరికి వెళ్లాడు.

ఫిఫిటాకు ఎర్స్‌కిన్ పార్కులో టైల్స్ గోడౌను ఉంది. ఆదివారం మధ్యాహ్నం, చర్చీలు విడిచి అందరూ భోజనాలు ముగించాక, దాని షట్టరు దించేసి లోపల ముష్టియుద్ధాలు పెట్టేవాడు. చేతికి తొడుగులుండవు, గుడ్డ కూడా చుట్టరు. నిలబడిన వాడికి కొంత, గెలిచిన వాడికి మూడింతలు. వాడు సెమిసి భుజాలు తడిమి చూసి నవ్వాడు. "ఇన్నాళ్లూ ఈ కండలు చెక్కపలకలకి ధారపోశావా టోకో? సిగ్గుండాలి."

టోకో అంటే తమ్ముడనో అన్నో, ఎలా అనుకుంటే అలా.

మొదటి ఆదివారం ఎదురు నిలిచినవాడు కాంక్రీటు పోసే ఎర్రగడ్డం మనిషి. పైన రేకుల కప్పు, బయట జనవరి నడివేసవి ఎండ. లోపల ఊపిరి పీలిస్తే సున్నం పొడి గొంతుకు అడ్డం పడుతోంది. వాడి మొదటి గుద్దు చెవి మీద తగిలింది. సెమిసికి ఒక పక్క లోకం మూగబోయింది. రెండోది పెదవిని పళ్లకేసి చిదిమింది. మూడోది వచ్చేలోపు సెమిసి తల వంచి వాడి డొక్కలో మోచేతి బలమంతా దించాడు. వాడు ముందుకు వంగగానే దవడ కింద నుంచి పైకి కొట్టాడు. పన్ను ఒకటి ఎగిరి టైల్స్ పెట్టె మీద టక్కున పడింది. జనం పళ్లు ఇకిలించి అరిచారు. వాడు మోకాళ్ల మీద పడ్డాక కూడా సెమిసి పిడికిళ్లు విడలేదు. వాటికవే ఇంకా కొట్లాడుతున్నట్టున్నాయి.

ఆ డబ్బుతో రాడ్లు, పిస్టన్లు వచ్చాయి.

"ముఖమేంటి?" అంది డోరిస్.

"రగ్బీ."

"జనవరిలోనా? అది చలికాలం ఆట కదా?"

"ప్రాక్టీసు ఆంటీ."

ఆవిడ ఇంకేం అడగలేదు. పిస్టన్లను మెత్తటి గుడ్డలో చుట్టి అరలో పెట్టింది. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆగింది.

రెండోసారి సెమిసి పక్కటెముక చిట్లింది, ఎదుటివాడి ముక్కు పక్కకు తిరిగింది. బోరింగు పనికి, పెట్రోలు పంపులకు సరిపోయింది. ఇంట్లో తల్లి వేడినీళ్ల గుడ్డతో వీపు కాపుతూ, "యార్డులో పలకలు మీద పడ్డాయన్నావు. పలకలకు వేళ్లుంటాయా?" అంది. వీపు మీద వేళ్ల కణుపుల గుర్తులు వరసగా కమిలి ఉన్నాయి. సెమిసి దిండులో ముఖం దాచుకున్నాడు.

మూడోది టర్బో కోసం.

ఈసారి వచ్చినవాడు కార్బిన్ థాక్రే. సన్నగా, పొడుగ్గా, పని ప్యాంటుతోనే వచ్చాడు. కార్లకు టింకరింగ్ చేస్తాడట, ప్యాంటు మీద బూడిదరంగు పెయింటు మరకలు. చూడ్డానికి గాలికి ఎగిరిపోయేలా ఉన్నా వాడి చేతులు కొరడాలు. సెమిసి ఒకటి విసిరేలోపు మూడు తగిలించి తప్పుకునేవాడు. కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి కారింది. పాత పక్కటెముక మీదే మళ్లీ కొట్టాడు, ఎక్కడ నొప్పో ముందే తెలిసినట్టు. సెమిసి గట్టిగా కేకపెట్టాడు.

"పడుకో లావోడా, పడుకుంటే చాలు. ఇంటికెళ్లిపోవచ్చు," అన్నాడు కార్బిన్ రొప్పుతూ.

ఆ మాటతో సెమిసి ఒంట్లో ఏదో తెగింది. దెబ్బలు తగులుతున్నా లెక్కచేయకుండా మీద మీదకు నడిచి, వాణ్ని టైల్స్ పెట్టెల వరసకేసి అదిమాడు. కడుపులో కొట్టాడు. మళ్లీ కడుపులో. కార్బిన్ మోకాళ్లు సడలాయి. సగం పక్కకు తిరిగి, అరచెయ్యి తెరిచి పైకెత్తాడు.

చాలు అని ఆ చెయ్యి అంటోంది. సెమిసి దాన్ని చూశాడు. స్పష్టంగా చూశాడు. చూసి కూడా, ఆట ముగిసిందని ఎవరూ అనలేదు కనక, టర్బో ఇంకా చేతికి రాలేదు కనక, ఇంకొక్కటి కొట్టాడు.

ఆ గుద్దు కంట్లో పడింది. కణుపు కింద ఏదో మెత్తగా నలిగింది, దాని వెనక ఎముక చిట్లింది. పెట్టెలు కూలి టైల్స్ పగిలాయి. కార్బిన్ ఆ పెంకుల మీద పడి, రెండు చేతులూ ముఖానికి అడ్డుపెట్టుకుని అరిచిన అరుపుకు గోడౌనులో మిగతా నోళ్లన్నీ మూతపడ్డాయి. ఫిఫిటా మాత్రం సెమిసి చెయ్యి పైకెత్తాడు. ఎవరో కార్బిన్ ముఖానికి తువ్వాలు చుట్టి, ఆసుపత్రి గేటు దగ్గర దింపేసి వచ్చేశారు.

సెమిసి టర్బో తీసుకుని షెడ్డుకు వెళ్లినప్పుడు డోరిస్ పక్క స్టాండు మీదున్న ఇంజిన్‌కు దుప్పటి కప్పుతోంది. సగం కట్టిన వి-ఎయిట్, కొత్త క్రాంకు ఇరుసు కోసం ఎదురుచూస్తోంది.

"దీని యజమాని రాడిక. కన్ను పోయింది. మెట్ల మీంచి పడ్డానంటాడు. మెట్లకు కళ్లు పొడవడం తెలీదని నాకు తెలుసు," అంది.

"ఎవరు ఆంటీ?"

"కార్బిన్ అని, టింకరింగ్ కుర్రాడు. మంచి చెయ్యి."

సెమిసి చేతిలోని టర్బో పెట్టెను నేల మీద పెట్టాడు. చెప్పేశాడు. ఎత్తిన అరచెయ్యిని చూశానన్నది కూడా దాచలేదు. డోరిస్ అంతా వింది. తర్వాత అతని చెంప మీద ఒక్కటి కొట్టింది. చిన్న చెయ్యే, కానీ షెడ్డంతా మోగింది.

"నా బల్ల మీద పెట్టిన డబ్బంతా ఇదేనా? నేను అడిగానా అడగలేదా? అడగడం ఆపేశాను, నా తప్పు అది. టర్బో తీసుకుని బయటికి పో. వాడి ముఖం చూసి వచ్చాక మాట్లాడు."

సెమిసి టర్బోను కొన్న చోటే తిరిగిచ్చేసి, ఆ డబ్బు పట్టుకుని కార్బిన్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది కార్బినే. ఒక కంటికి తెల్లటి గుడ్డ, రెండో కన్ను ఎర్రగా ఉంది. సెమిసిని గుర్తుపట్టగానే గుద్దు విసిరాడు. అది సెమిసి ముఖానికి జానెడు దూరంలోనే గాలిలో తేలిపోయింది. ఒంటికంటితో దూరం తెలియడం లేదు. రెండోది విసిరాడు. అదీ తగల్లేదు. వాడి నోటివెంట ఏడుపులాంటి చప్పుడొకటి వచ్చింది.

సెమిసి ఒక అడుగు ముందుకేసి, ఆ పిడికిలి అందే చోట ముఖం పెట్టి నిలబడ్డాడు.

కార్బిన్ కొట్టాడు. చీలిన కనుబొమ్మ మళ్లీ చీలింది. ఓపిక ఉన్నంతసేపు కొట్టాడు. సెమిసి చేతులు వెనక్కి కట్టుకుని, ద్వారబంధానికి ఆనుకుని, ఒక్కొక్కటే తీసుకున్నాడు. చివరికి కార్బినే గుమ్మంలో కూలబడ్డాడు.

"నువ్వు దేనికి కొట్లాడావు?"

"టర్బో."

"నేను క్రాంకుకి." నవ్వబోయి గుడ్డ పట్టుకున్నాడు, నొప్పికి. "నా చెయ్యి చూశావా ఆ రోజు?"

"చూశాను."

సెమిసి డబ్బు మెట్టు మీద పెట్టాడు.

"తీసుకుంటాను. నిన్ను క్షమించి కాదు. అద్దె కట్టాలి. ఒంటికన్నోడికి సుత్తి ఇవ్వనన్నాడు మా ఓనరు."

ఆ ఆదివారమే ఫిఫిటా సెమిసి ఇంటికి వచ్చాడు, వెనక ఇద్దరితో. తర్వాతి పోటీకి మనిషి కుదిరాడట, జనం దగ్గర పందేలు కూడా తీసుకున్నాడట.

"నేను రాను," అన్నాడు సెమిసి.

"అడగడం లేదు టోకో."

"రానన్నాను కదా."

ఫిఫిటా మాట పెంచలేదు. బండిలోంచి గడ్డపారంత పిడి ఉన్న సుత్తి తీశాడు. వాకిట్లో, డోరిస్ షెడ్డు నుంచి వెనక్కి లాక్కొచ్చిన ఇంజిన్ లేని ఫాల్కన్ ఉంది. ముందు అద్దం ఒక్క దెబ్బకు చెరుకు పిప్పిలా లోపలికి కుంగింది. తర్వాత తలుపులు, తర్వాత చక్రాల మీది రేకులు. మిగిలిన ఇద్దరూ సెమిసిని గోడకు అదిమి పట్టారు. వాళ్లను విదిలించుకోవడం అతనికి కష్టం కాదు. ఒకడి మోకాలి మీద తన్ని, రెండోవాడి మెడ మోచేతి కింద ఇరికించాడు. వాడి ముఖం నల్లబడుతోంది. ఇంకొంచెం బిగిస్తే చాలు. కొట్టుకుంటున్న వాడి చెయ్యి తెరుచుకుంది, అరచెయ్యి బయటికి.

సెమిసి వదిలేశాడు.

వదలగానే సుత్తి పిడి వచ్చి అతని ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు లూపెకు వంటింట్లోకి వినిపించింది. ఆవిడ చేతిలో సలసల మరిగే టారో దుంపల కుండతో వాకిట్లోకి వచ్చింది.

"మీ నాన్నకు నేను అక్కనిరా ఫిఫిటా. నా అన్నం తిని పెరిగావు. ఇంకొక్కసారి ఎత్తు ఆ సుత్తి, ఇది నీ నెత్తిన పోస్తా. తర్వాత చర్చిలో పాస్టరు ముందు నిలబెట్టి, ఎందుకు పోశానో కూడా నేనే చెప్తా."

టోంగా ఇళ్లలో మేనత్త మాటకు ఎదురు లేదు. ఫిఫిటా సుత్తి దించాడు. కాండ్రించి ఉమ్మి, బండెక్కి వెళ్లిపోయాడు. గోడౌనులో ఆదివారాలు ఆగాయని కాదు. సెమిసిని మాత్రం మళ్లీ పిలవలేదు.

కట్టు కట్టిన చేత్తో సెమిసి డోరిస్ ముందు కూర్చున్నాడు. ఆవిడ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసింది. పెద్ద టర్బో లేదు. పాతదే, ఒత్తిడి తగ్గించి. పందేనికి పనికిరాదు, చర్చికి పనికొస్తుంది.

"బాడీ పనికి ఎంత పెట్టమంటావు?" అంది.

"మనిషిని నేనే చూసుకుంటా."

కార్బిన్ మొదట రానన్నాడు. తర్వాత, ఫాల్కన్ మళ్లీ చేరిన షెడ్డుకు వచ్చాడు, కూలి ఎంతో ముందే తేల్చుకుని, బజారు రేటుకు ఒక్క డాలరు కూడా తగ్గకుండా. నలిగిన తలుపు ముందు నిలబడి సుత్తి ఎత్తి కొట్టాడు. గురి తప్పి, లోపలి నుంచి రేకును పట్టుకున్న తన వేలి మీదే పడింది. బూతులు తిట్టాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ తప్పింది. సెమిసి లేవబోతే, "కూర్చో. నా దగ్గరికి రావద్దు," అన్నాడు.

కాసేపటికి కార్బిన్ సుత్తి పక్కన పెట్టి, ఉన్న కన్ను కూడా మూసుకున్నాడు. అరచేతిని రేకు మీద ఆనించి మెల్లగా జరిపాడు. ఎత్తు, పల్లం, మళ్లీ ఎత్తు. ఒక చోట ఆగి, వేలు తీయకుండానే అక్కడ సుత్తి ఆనించి, చిన్నగా తట్టాడు. రేకు టంగుమని లొంగింది.

"నీళ్లు తే," అన్నాడు సెమిసి వైపు చూడకుండా. "చల్లవి. ఊరికే కూర్చోడానికి కాదు నిన్ను ఉండనిచ్చింది."

సెమిసి లేచి నీళ్లకు వెళ్లాడు.