శయ్యాదానంలో ఇచ్చిన ఫిడేలు

సంచి అడుగున పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద కొబ్బరికాయ, కర్పూరం, అరటిపళ్లు సర్దాను. పైనుంచి ఎవరు చూసినా మేం రామతీర్థం గుడికి వెళ్తున్నట్టే ఉండాలి.

"గుడికెల్లి రావడానికి దుప్పటేటే?" అన్నారు మా ఆయన నారాయణమూర్తి గారు, దుకాణంలోకి వెళ్తూ.

"కొండ దగ్గర గాలేస్తాది," అన్నాను.

ఆయన నమ్మారు. నా కోడలు పరమేశ్వరి నమ్మిందో లేదో తెలియదు. ఏడాదిగా ఆ పిల్ల ఏ మాటకీ ఎదురు చెప్పడం లేదు. రమ్మంటే వచ్చింది.

రాజాంలో మాది చింతపండు, బెల్లం దుకాణం. వెనక ఇల్లు, పైన ఒక్క గది. ఆ గదిలో నా కొడుకు శంకరం, పరమేశ్వరి మూడేళ్లు కాపురం చేశారు. పెళ్లయిన కొత్తలో శంకరం ఒక ఫిడేలు కొని తెచ్చాడు. తను నేర్చుకుంటానన్నాడు. సాయంత్రాలు వాళ్లు తలుపు వేసుకుంటే వీధిలోకి పాట వినిపించేది. జనం ఆగి వినేవారు. మర్నాడు దుకాణానికొచ్చి, "మీవోడు బాగా వాయిస్తన్నాడు లక్ష్మణమ్మా" అనేవారు. శంకరం తల దించుకుని నవ్వేవాడు. ఒకరోజు మా ఆయన పాలకొండ వెళ్లారు. శంకరం నా ఎదురుగా కూర్చుని చింతపండు తూస్తున్నాడు. పైన ఫిడేలు మోగుతోంది. వాడు నా మొహం చూసి, "నాన్నకి సెప్పకమ్మా" అన్నాడు. కోడలు ఫిడేలు వాయించడం ఆయన ఒప్పుకోరు. నేను చెప్పలేదు.

కిందటేడు ఆశ్వయుజంలో శంకరం జ్వరంతో పోయాడు. ఏడో రోజు మధ్యాహ్నం, పై గదిలో ఎవరూ లేనప్పుడు, ఫిడేలు పెట్టెలోంచి ణంగుమని చప్పుడైంది. తీగ తెగింది. చెమ్మకి తీగలు తెగుతాయని తరవాత ఎవరో చెప్పారు. అప్పుడు మాత్రం, వాడు వెళ్లలేక దాని చుట్టూనే తిరుగుతున్నాడనుకున్నాను.

పన్నెండో రోజు శయ్యాదానం. పోయినవాళ్ల మంచం, పరుపు, గొడుగు, చెప్పులు, ఇష్టపడ్డ వస్తువులు దానం పట్టే బ్రాహ్మణుడికి ఇచ్చేస్తాం. వాటితో వాళ్ల ఆశ తెగుతుందని. నేనే పైకి వెళ్లి ఫిడేలు తెచ్చి పరుపు మీద పెట్టాను.

"మంచి పని సేసేవు. ఆడి పేణం దాని మీదే ఉండీది," అన్నారు అంతా.

లోపలి గదిలో గోడవార కూర్చున్న పరమేశ్వరి ఒక్కసారి తల ఎత్తి చూసింది. అది ఆ పిల్లది అని నేనంటే సరిపోయేది. అంతమంది ముందు నోరు పెగల్లేదు.

అప్పటి నుంచి ఆ పిల్ల చేట పట్టుకుంటే ఎడమచేతి వేళ్లు అంచు మీద నొక్కుతూ కదులుతుంటాయి. బియ్యంలో రాళ్లు అలాగే ఉండిపోతాయి. కిందటి వారం విజయనగరం నుంచి వాళ్ల పిన్ని కార్డు రాసింది, పిల్లని తన దగ్గరికి పంపమని, సంగీతం నేర్పిస్తానని. మా ఆయన వద్దని జవాబు రాశారు. పరమేశ్వరి పిన్ని కార్డు అడిగి తీసుకుని దాచుకుంది. అది చూశాక నాకు అన్నం సహించలేదు. నలుగురు కూతుళ్లని బస్సెక్కించాను. కొడుకుని పాడె ఎక్కించాను. ఇంట్లో నాకు మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఆ ఫిడేలు తిరిగొస్తే ఉండిపోతుందనుకున్నాను.

దానం పట్టిన పంతులుగారి ఇల్లు రామతీర్థం ఊరి చివర ఉంది. అరుగు మీద మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మూలన గొడుగులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పంతులుగారి భార్య సుభద్రమ్మ మమ్మల్ని చూడగానే, "ఎవరు పోయేరు?" అంది.

"ఇప్పుడెవరూ కాదమ్మా. కిందటేడు..."

"మా ఇంటికి ఊరికే ఎవరొస్తారులే. కూర్చోండి. ఏ మంచం మీద కూర్చున్నా ఎవరో ఒకరిదే."

పంతులుగారు రాగానే సంగతి చెప్పాను. పరమేశ్వరికి కూడా అప్పుడే తెలిసింది. కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది.

ఆయన లోపలి నుంచి పెట్టె తెచ్చారు. "ఎవరూ కొనలేదమ్మా. శయ్యాదానం సరుకని తెలిస్తే దండం పెట్టి పోతారు. మా పిల్లలు నలుగురూ మీబోటివాళ్ల పరుపుల మీదే పుట్టేరు. ఏ దెయ్యమూ పట్టలేదు."

"అయితే పట్టుకెల్తాను బాబూ."

"ఈ అమ్మాయికి నేను దానంగా ఇవ్వొచ్చు. మీ గడప మాత్రం దాటకూడదు. పోయినవాడికని ఇచ్చింది మళ్లీ ఆ ఇంట్లోకి వస్తే వాడూ వస్తాడు. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు."

"పై గదికి మెట్లు బయటినుంచే ఉన్నాయి బాబూ."

"గది ఎవరిది?"

"మాదే."

"కుదరదు."

"దుకాణం ఎనకాల బెల్లం గది ఉన్నాది..."

"అదెవరిది?"

"పోనీ ఆవుల సాల?"

"ఆవులెవరివమ్మా?" అన్నారు పంతులుగారు. సుభద్రమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఈలోగా పరమేశ్వరి పెట్టె తెరిచింది. మూడు తీగలే ఉన్నాయి. బిరడాలు తిప్పి, మీటి, చెవి ఒగ్గి విని, మళ్లీ తిప్పింది. నేల మీద కూర్చుని, ఫిడేలు కొస పాదం మీద ఆనించి కమాను లాగింది. మొదట బరబరమంది. కాసేపటికి దారిలో పడింది. తలుపు అవతల నుంచి మాత్రమే విన్న పాట. వాయించే చేతిని నేను చూడటం అదే మొదలు.

నాకొక ఉపాయం తట్టింది. "ఫిడేలు ఈళ్లింట్లోనే ఉంటాదే. ప్రతి ఏకాశికీ గుడి పేరు సెప్పి తీసుకొస్తాను. ఒక గంట వాయించుకో."

"జైల్లో ఉన్నోళ్లని సూడ్డానికొచ్చినట్టా అత్తా?" అంది కమాను ఆపకుండానే.

"మరేటి సెయ్యమంటావే? మీ మావయ్యతో ఏటి సెప్పను?"

"ఆ రోజు ఏటీ సెప్పలేదు కదా. ఇప్పుడూ ఏటీ సెప్పకు."

పంతులుగారు మంత్రం చెప్పి, నీళ్లు వదిలి, ఫిడేలు ఆ పిల్ల చేతిలో పెట్టారు. నేను దుప్పటి తీసి పెట్టెకి చుట్టాను.

విజయనగరం బస్టాండులో రాజాం బస్సు జనంతో కిక్కిరిసి ఉంది. నేను తోసుకుంటూ ఎక్కి, పక్కన కొంగు పరిచి సీటు ఆపాను. పరమేశ్వరి కిటికీ కిందనే నిలబడింది.

"ఎక్కవే. ఇంటికెల్లాక సూద్దాం. అరుగు కిందైనా ఉంచుదాం."

"వానొస్తే?"

నేను సీటు మీద కొంగు ఇంకాస్త పరిచాను.

"పిన్ని ఇల్లు దగ్గరేనత్తా. నడిసెల్లిపోతాను."

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"దీన్ని వీధిలో పెట్టి నేను లోపలికి రాలేను. దీంతో వస్తే నువ్వు రానివ్వలేవు."

కండక్టరు వచ్చి, "ఈ సీటెవరిదమ్మా?" అన్నాడు.

"మా కోడలిది. వస్తాది."

"ఏదీ?" అని కిటికీలోంచి వంగి చూశాడు. నేనూ చూశాను. చీపురుపల్లి వరకూ కొంగు తియ్యలేదు. అక్కడ ఒక ముసలాయన నిలబడలేక తిట్టుకుంటుంటే తీశాను.

ఇంటికొచ్చి ఆయనకి అంతా చెప్పాను. ఫిడేలు ఎవరు వాయించేవారో కూడా చెప్పాను. ఆయన చేతిలోని తూనికరాయి తక్కెడలో పెట్టేశారు. "దాన్ని ముట్టుకుంది కదా. అయితే ఆ పిల్లా ఈ గడప తొక్కకూడదు," అన్నారు. పిన్నికి ఉత్తరం రాయనివ్వలేదు. పై గదికి తాళం వేశారు. గుడికని బయల్దేరితే, "ఏ గుడికి?" అని అడుగుతారు. పెరట్లోంచి దుకాణంలోకి, దుకాణంలోంచి పెరట్లోకి తిరుగుతుంటాను.

పరమేశ్వరి విజయనగరంలో బస్సు దగ్గర నుంచి వెళ్లిపోయింది 1968 నవంబరు ఒకటో తేదీ, శుక్రవారం. మళ్లీ రాలేదు.